పిల్లల్ని వెంటేసుకున్న పుంజు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు గోడలు చూసి అడిగే ప్రశ్న ఒకటే. "మీది ఏ ఊరండీ?"

తప్పు వాళ్లది కాదు. గోడల నిండా తిరగలి ముందు కూర్చున్న ఆడవాళ్లు, కళ్లంలో ఎద్దులు, ఏతం తొక్కే మనుషులు, కోలాటం ఆడే పిల్లలు ఉంటే ఎవరైనా అదే అడుగుతారు. నేను సికింద్రాబాద్ అంటాను. వాళ్లు నవ్వి, "అది సరేనండీ, అసలు ఊరు?" అంటారు. అసలు ఊరూ ఇదే. రైల్వే ఆస్పత్రిలో పుట్టాను. రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. ఇక్కడి మిషన్ బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బన్సీలాల్‌పేట్‌లో, మెట్లబావికి రెండు సందులు ఇవతల ఉంటున్నాను. పల్లెటూళ్లో వరసగా ఒక వారం ఉన్న పాపాన పోలేదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు రెండోసారి టీ ఇవ్వను.

నా గోడల మీదున్న ఊరు మా అక్కది.

మా అమ్మ నర్సు, నాన్న రైల్వేలో గుమాస్తా. అక్క పుట్టినప్పుడు ఇంట్లో చూసుకునేవాళ్లు లేక, అమ్మ తనని కృష్ణా డెల్టాలో ఉన్న అమ్మమ్మ దగ్గర వదిలింది. కొన్నాళ్లకే అనుకున్నది అమ్మమ్మ పోయేదాకా సాగింది. అక్క ఇక్కడికి వచ్చేటప్పటికి తనకు పన్నెండేళ్లు, నాకు ఐదు. చేతిలో రేకుపెట్టె, నోట్లో మా వీధిలో ఎవరూ మాట్లాడని తెలుగు. బళ్లో ఆడపిల్లలు ఆ యాసను అనుకరించి నవ్వితే, కొన్ని నెలలపాటు అక్క బళ్లో నోరు విప్పడమే మానేసింది. ఇంటికొచ్చి నాకు జడ వేసేటప్పుడు మాత్రం ఆపకుండా మాట్లాడేది. అమ్మమ్మ గేదె, వీధి చివర కుమ్మరి కుండలు కాల్చే ఆవం, ఊడ్పుల్లో పాడే పాటలు, ఇంటి వెనకాల పంటకాలువ. జడ అయిపోయినా నేను కదలకుండా కూర్చునేదాన్ని. ఆ తర్వాత పాత క్యాలెండర్ల వెనక తెల్లగా ఉన్న వైపు ఆ ఊరిని గీసేదాన్ని.

ఎనిమిదో తరగతిలో ఉండగా తూర్పారబట్టే బొమ్మ ఒకటి వేశాను. ఎత్తుబల్ల మీద నిలబడి చేటతో ధాన్యం పోస్తుంటే గట్టి గింజ నిలువునా రాలుతుంది, పొల్లు గాలికి ఎగిరిపోతుంది. చాలా బాగా వచ్చిందనుకున్నాను. అక్క తీసుకుని ఒక్క చూపు చూసింది.

"ఏమే, పైట అటు ఎగురుతోంది, పొల్లు ఇటు ఎగురుతోంది. మీ సికింద్రాబాద్‌లో ఒకేసారి రెండు గాలులు వీస్తాయా?"

నాకు ఒళ్లు మండింది. ఆ పూట అన్నం తినలేదు. కానీ బొమ్మ మళ్లీ చూసుకుంటే అక్క అన్నదే నిజం. పైట ఇటు తిప్పాను. ఇంకోసారి కళ్లంలో ఎద్దుల్ని వేశాను. నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదని సండే స్కూల్లో వల్లె వేసినదాన్ని కదా, వాటి మూతులు ఖాళీగా వదిలాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "మన ఊరి ఎద్దులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదే. చిక్కం కట్టకపోతే సాయంత్రానికి కుప్ప సగం మేసేస్తాయి." అమ్మ బైబిలు వాక్యం వైపు నిలబడింది. నాన్న ఎవరి వైపూ నిలబడకుండా పేపరు చదువుకున్నాడు. నేను ఒక ఎద్దుకు చిక్కం పెట్టి, ఇంకోదానికి తీసేశాను. ఆ బొమ్మ ఇప్పటికీ వంటింటి గుమ్మం పక్కన ఉంది. ఎందుకలా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అలా తప్పు పట్టేటప్పుడు అక్క ముఖం చూడాలి. ఒకప్పుడు బళ్లో నోరెత్తని పిల్ల నడుం మీద చేతులు వేసుకుని నిలబడేది. చుట్టకుదురు లేకుండా నెత్తిన కుండ ఎలా నిలుస్తుందే అనేది, తిరగలి పిడి అలా పట్టుకుంటే చెయ్యి విరుగుతుందే అనేది. ఆ కాసేపూ తను ఇక్కడ ఉండేది కాదు. నాకు వయసు పెరిగేకొద్దీ, వినీ వినీ, తప్పులు తగ్గాయి. ఒకసారి బొమ్మంతా చూసి, "అన్నీ సరిగానే ఉన్నాయిలే" అని అక్క కాగితం వెనక్కిచ్చేసింది. ఆ మాటలో ఉత్సాహం లేదు. నాకూ ఏదో పోయినట్టు అనిపించింది. ఆ తర్వాతి బొమ్మలో కావాలనే ఒక తప్పు పెట్టాను. అక్క దాన్ని చిటికెలో పట్టేసి, నా ముఖం చూసి సంగతి గ్రహించింది.

"దొంగను దాచావన్నమాట" అంది.

అప్పటినుంచి ప్రతి బొమ్మలో ఒక దొంగ ఉండటం మా ఆనవాయితీ అయింది. అక్క పెళ్లయి, బావ మిలిటరీ ఉద్యోగం వెంట ఎక్కడెక్కడో తిరిగి, చివరికి యాప్రాల్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాక కూడా ఆ ఆట ఆగలేదు. బొమ్మ ఫ్రేముకు వెళ్లేముందు అక్క వచ్చి చూడాలి. "దొంగలు మూలల్లోనే దాక్కుంటారు" అంటూ అంచుల నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తుంది. దొరికాక నేను దిద్దుతాను. ఓడినందుకు బేకరీ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తేవాలి. అక్క ఒక్కసారీ ఓడలేదు. బేకరీవాడు నన్ను చూడగానే పొట్లం కట్టడం మొదలుపెట్టేవాడు.

ఈ మధ్య మా చర్చివాళ్లు నన్నొక బొమ్మ వేసిపెట్టమన్నారు. చర్చి పక్కనున్న హాల్లో, క్రిస్మస్‌కు, గోడకు పెట్టేటంత పెద్దది. క్రీస్తు పుట్టుకను మన పల్లెటూళ్లో జరిగినట్టు వేస్తే బాగుంటుందని అయ్యగారి కోరిక. పాస్టరుగారిని మేం అయ్యగారనే అంటాం. సంఘపెద్దల్లో ఒకాయనకు నచ్చలేదు. బెత్లెహేములో తాటాకు పాకలు ఉండేవా అని అడిగాడు. మరి మనం ప్రతి ఏడూ కట్టే నక్షత్రం మీద చైనా లైట్లు ఉంటున్నాయి కదండీ అన్నాను. తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు, పని మాత్రం ముందుకు సాగింది.

మా ముందుగదిలో ఒక గోడ పొడవునా గుడ్డ బిగించి పని మొదలుపెట్టాను. నడుమ గొడ్లపాక. చుట్టూ ఊరు. గొల్లలు మన గొల్లల్లాగే భుజాన గొంగడి వేసుకుని వస్తున్నారు. జ్ఞానులు రావడానికి ఒంటె ఎందుకని ఎడ్లబండి ఎక్కించాను. కుడివైపు కుమ్మరి, అతని ఆవం, వెనకాల కోలాటం. నేను మనుషుల ముఖాలు ఎప్పుడూ చివరికి వదిలేస్తాను. నడుమ తల్లీబిడ్డల్ని పెన్సిలు గీతగానే ఉంచి మిగతాదంతా పూర్తిచేశాను. ఎడమవైపు కింద మూలన దొంగను పెట్టాను. ఈసారి కాస్త సరదా దొంగ. ఎర్రటి తురాయి, ఇంత తోక ఉన్న కోడిపుంజు ఒకటి, వెనకాల బుల్లి బుల్లి కోడిపిల్లల్ని వెంటేసుకుని పోతుంటుంది. పిల్లల్ని తిప్పేది పెట్ట గానీ పుంజు కాదు కదా, పల్లెటూరి గాలి సోకినవాళ్లెవరికైనా నవ్వు రావాల్సిందే.

అక్క ఒక సాయంత్రం ఆటోలో వచ్చింది. నా ముందుగది చిన్నది, అంత పెద్ద బొమ్మ ముందు వెనక్కి జరగడానికి చోటు లేదు. అక్క నడుమ నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. నేను నవ్వు ఆపుకుంటూ టీ గ్లాసు తెచ్చి పక్కన స్టూలు మీద పెట్టాను.

"బాగుంది. ఈసారి దొంగ లేడు" అంది అక్క.

"సరిగ్గా చూడక్కా."

"చూశానే. అంతా బాగుంది." అని తిరగబోతూ చెయ్యి తగిలించి గ్లాసు పడేసింది. "ఇక్కడ పెట్టి చావకపోతే ఏం" అని నన్నే కసిరింది.

నా బొమ్మల గురించి అక్క నోట బాగుంది అన్న మాట విన్నది అదే మొదటిసారి. అది విని నాకు సంతోషం కలగలేదు. గుమ్మం దగ్గర వస్తూనే తలుపు రెక్కకు భుజం కొట్టుకోవడం గుర్తొచ్చింది. రోడ్డు పక్కనుంచి వచ్చే బండ్లు కనబడటం లేదని, కళ్లజోడు మార్చాలని రెండు మూడుసార్లు ఫోన్లో అన్నది గుర్తొచ్చింది. నేను ఏమీ చెప్పకుండా అక్క భుజాలు పట్టుకుని ఎడమవైపుకు నడిపించి ఆ మూలకు ఎదురుగా నిలబెట్టాను.

"ఇదెక్కడి పుంజే, పిల్లల్ని వెంటేసుకుని!" అని గట్టిగా నవ్వింది. నవ్వుతూనే నా వైపు చూసింది. తర్వాత మళ్లీ నడుమకు వెళ్లి నిలబడింది. అక్కణ్నుంచి చూసింది. మెల్లగా తల తిప్పి మళ్లీ పుంజును చూసింది.

"ఇక్కడ నిలబడితే కనబడటం లేదు" అంది. అక్క గొంతులో భయం నేను అంతకుముందు వినలేదు.

మర్నాడు బావా నేనూ కలిసి అక్కను కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడొక పరీక్ష ఉంది. ఒక గిన్నెలాంటి దాంట్లో ముఖం పెట్టి కూర్చోవాలి. లోపల ఎక్కడెక్కడో చిన్న చిన్న లైట్లు వెలుగుతాయి. కనబడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కాలి. అక్కడి నర్సమ్మ మెత్తటి మనిషి. "అమ్మా, గడ్డం గీడ పెట్టు. లైటు కనబడంగనే ఒత్తు. కనబడకుంటే ఒత్తకు, పరేషాన్ గాకు" అని అక్క తల సర్దింది. మేం వెనకాల బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపటి వరకు బటన్ చప్పుడు లేదు.

"అమ్మా, మీ మెషిన్ పాడైనట్టుంది. లైట్లే రావట్లేదు" అంది అక్క.

నర్సమ్మ మా వైపు చూసి, చూపు దించుకుంది. బావ లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. దాపరికం లేకుండా, తొందరపడకుండా చెప్పింది. నీటికాసులు, అంటే గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా చుట్టూ ఉన్న చూపును కొరుక్కుంటూ వస్తుంది, మనిషికి తెలియదు. ఎడమ కంట్లో మిగిలింది చాలా తక్కువ. కుడి కంట్లో నడిమి చూపు ఇంకా బాగానే ఉంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి. చుక్కల మందుకు ఒత్తిడి లొంగకపోతే ఆపరేషన్ చేయాలి. "అరుదుగా, ఇంత తక్కువ మిగిలిన కంట్లో, ఆపరేషన్ తర్వాత ఆ మిగిలింది కూడా పోయే ప్రమాదం ఉంది. అది మీకు ముందే చెప్పాలి" అంది. తర్వాత, ఇంత ఆలస్యంగానైనా ఎలా తెలిసిందని అడిగింది. నేను పుంజు సంగతి చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి మరీ విన్నది. "ఇంకొన్ని నెలలు ఆగి ఉంటే ఆ నడిమి చూపు కూడా ఉండేది కాదు" అంది.

చుక్కలు కొన్ని వారాలు వేశాం. ఒత్తిడి లొంగలేదు. ఆపరేషన్ అంటే బావ జంకాడు. సైన్యంలో చేసిన మనిషి, మా ఇంట్లో సోఫా మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలు కదా అని పదే పదే అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను, నా మనసులో ఉన్నదీ అదే. తేల్చింది అక్కే.

"ఉన్నది ఉన్నట్టు ఉండట్లేదు కదండీ. బిందెకు చిల్లు పడితే మాటు వేయిస్తాం గానీ, కారే నీళ్లు చూస్తూ కూర్చుంటామా?"

ఆపరేషన్ ముందు నాకొక్క మాట చెప్పింది. "బొమ్మ ఆపకు. క్రిస్మస్‌కు నేనొచ్చి చూస్తా. చూపుంటే కంటితో చూస్తా, లేకపోతే నువ్వు చెబుతుంటే వింటా." వినడం అనే మాట ఎంతో మామూలుగా అనేసింది.

కుడి కంటికి ఆపరేషన్ అయింది. కట్టు, తర్వాత నల్లద్దాలు, మసక. ఇప్పుడప్పుడే ఏమీ చెప్పలేమని, వాపు తగ్గి కన్ను తేరుకోవడానికి వారాలు పడుతుందని డాక్టరమ్మ అన్నది. ఉదయం నేను బస్సులో యాప్రాల్ వెళ్లి అక్కకు అన్నం పెట్టి, మధ్యాహ్నం ఇంటికొచ్చి బొమ్మ ముందు కూర్చునేదాన్ని. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థనలకు పెద్ద భాష లేదు. ఆ నడిమి ముక్కను ఉంచు ప్రభువా, అంతే. మిగతాది నేను అడగట్లేదు.

పుంజును దిద్దాలి. కుంచె పట్టుకుని దాని ముందు కూర్చున్నాను గానీ చెరపడానికి చెయ్యి రాలేదు. ఫోన్లో బావతో అంటే, "మనకింత మేలు చేసిన పుంజు. దానికి ఆడవేషం వేస్తావా మరదలా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం విన్నాను. చివరికి పుంజును పిల్లల నుంచి విడదీసి గడ్డివాము మీదకు ఎక్కించాను. పిల్లల ముందు ఒక పెట్టను పెట్టాను. ఇక మీదట బొమ్మల్లో దొంగలు వద్దని కూడా ఆ రోజే అనుకున్నాను. ఇప్పుడు దొంగను దాస్తే అది ఆటలా ఉండదు, కంటికి పరీక్ష పెట్టినట్టు ఉంటుంది.

ఆ తర్వాత మిగిలింది తల్లీబిడ్డలు. నేనింతకుముందు ఏ బొమ్మా అక్కను అడగకుండా పూర్తిచేయలేదు. ఈసారి అడగాలనిపించలేదు, కంటికి కట్టుతో పడుకున్న మనిషిని రంగుల గురించి ఏం అడుగుతాం? నాకు తోచినంత అందంగా వేశాను. మరియమ్మకు పసుపు అంచున్న ఎర్ర నేతచీర, వీపు మీద పరిచిన ఒత్తైన జుట్టు, చెవి పక్కన రెండు మల్లెలు. ఒళ్లో బిడ్డ. ఫ్రేము కట్టడానికి మోండా మార్కెట్ దగ్గరి షాపాయన తన సామానుతో మా ఇంటికే వచ్చాడు. అంతకుముందు కొలతలకు వచ్చినప్పుడు ఖాళీ ముఖాలు చూసి, "ఏందమ్మా, నడుమల ముఖాలే లెవ్వు, గిట్లనే ఇడిస్తరా?" అని కంగారుపడిన మనిషి. ఇప్పుడు బొమ్మ చూసి, "మస్తు కుదిరిందమ్మా. అమ్మవారు లెక్క ఉంది" అన్నాడు. మా సంఘపెద్ద వినకపోవడం మంచిదైంది.

క్రిస్మస్ ముందు ఆదివారం బొమ్మను హాల్లో పెట్టారు. ఆరాధన అయ్యాక అందరూ వచ్చి చూశారు. అయ్యగారు బాగుందన్నారు. స్త్రీల సమాజంవాళ్లు బాగుందన్నారు. నాతో మాట్లాడని పెద్దాయన కూడా ఎడ్లబండి దగ్గర చాలాసేపు నిలబడి, పర్వాలేదన్నట్టు తల ఊపాడు. అందరికీ వందనాలు చెబుతున్నాను గానీ నా చూపంతా గుమ్మం మీదే ఉంది.

బావ మోచెయ్యి పట్టుకుని అక్క వచ్చింది. అక్కడికి రెండు రోజుల ముందే డాక్టరమ్మ ఒత్తిడి తగ్గిందని చెప్పింది. చూపు ఎంత నిలిచిందో మాత్రం మసక పూర్తిగా విడిస్తేగానీ తెలియదన్నది. నేను ఎదురెళ్లాను. అక్క నల్లద్దాలు తీసి బావ చేతికిచ్చి, "నన్ను ఆ చివరికి తీసుకెళ్లు" అంది. హాలు అటు చివర గోడకు ఆనుకుని నిలబడి చూసింది. దూరం నుంచి బొమ్మంతా చూపులో పడుతుంది, కానీ చిన్నగా. తర్వాత ఒక్కతే మెల్లగా నడుచుకుంటూ బొమ్మ దగ్గరకు వచ్చింది. ముఖం దాదాపు గుడ్డకు ఆనించి, ఎడమవైపు కింద మూల నుంచి, గోడకు సున్నం వేసేవాళ్లలాగా, కొంచెం కొంచెంగా జరుగుతూ చూడటం మొదలుపెట్టింది.

"పుంజు వాము ఎక్కింది. బతికిపోయింది" అంది.

నాకు ఊపిరి వచ్చింది. కానీ పుంజు ఎక్కడుంటుందో తనకు బావ చెప్పి ఉండొచ్చు కదా అని వెంటనే ఇంకో భయం. అక్క జరుగుతోంది. గొల్లల గొంగళ్లు చూసింది, ఏమీ అనలేదు. గొడ్లపాక దగ్గరకు వచ్చింది. నడుమ ఆగింది. చుట్టూ జనం మాట్లాడుకుంటూనే ఉన్నారు. అక్క కదలడం లేదు. నేను వెనకాలే నిలబడ్డాను. బాగుంది అనకు అక్కా, అని మనసులో ఒకటే గొడవ. ఏదైనా అను, ఆ మాట అనకు.

"ఒసే" అంది అక్క.

"ఏంటక్కా?"

"బాలింతరాలికి చెవుల్లో దూది ఏదే?"

నాకు అర్థం కాలేదు.

"దూది లేదు, తలకు గుడ్డ లేదు. డిసెంబరు చలి, తెరిచిన పాక, నిన్నో మొన్నో కన్న పిల్ల. జుట్టు విరబోసి, మల్లెపూలు పెట్టి గాలిలో కూర్చోబెట్టావు. అమ్మమ్మ చూస్తే నిన్ను చీపురుతో కొట్టేది."

పక్కనే ఉన్న స్త్రీల సమాజం పెద్దావిడ ఒకామె ముందుకొచ్చి కళ్లజోడు సర్దుకుంది. "అవునమ్మోయ్, నడుముకు నడికట్టు కూడా లేదు." ఇంకొకామె, కటిక నేల మీద కూర్చోబెట్టారేమిటి, కనీసం నులకమంచం వేయొద్దూ అంది. గొడ్లపాకలో నులకమంచం ఎక్కడిదమ్మా అని అయ్యగారు అన్నారు. పొరుగింటివాళ్లు ఇవ్వరాండీ, అంత పాడు ఊరా అని ఆవిడ ఎదురడిగింది. సాంబ్రాణి పొగ ఏదని ఒకరు, బాలింతకు పెట్టే కాయం ముద్ద ఏదని ఒకరు. అందరూ పిల్లల్ని కన్నవాళ్లే, అందరూ బొమ్మను పొద్దున్నుంచి చూసినవాళ్లే. ఇంతసేపూ నన్ను మెచ్చుకుంటూ ఉన్నారు.

నేను ఏడ్చాను. అందరి ముందూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ ఏడ్చాను. పాపం వాళ్లు నేను నొచ్చుకున్నాననుకుని, ఏదో సరదాకి అన్నాంలెండి టీచరుగారూ అని వీపు నిమిరారు. అక్క ఒక్కతే తల తిప్పి, తన చూపులోకి నా ముఖం వచ్చేదాకా వెతికి పట్టుకుంది.

"మంచి దొంగనే పెట్టావే. మూలన కాకుండా నట్టనడుమ పెడతావనుకోలేదు."

"నేను పెట్టలేదక్కా. ఈ బొమ్మలో దొంగే లేడు. అది నిజంగా నా తప్పే."

అక్క కాసేపు నమ్మలేదు. నా ముఖం చూసి నమ్మింది. అప్పట్లో తూర్పారబట్టే బొమ్మలో తప్పు పట్టుకున్ననాడు ఎలా వెలిగిందో అలాగే వెలిగింది ఆ ముఖం.

"అయితే ఇవాళ బిస్కెట్లు రెండు పొట్లాలు" అంది.

రంగులు ఇంటి నుంచి తెప్పించుకున్నాను. జనమంతా భోజనాలకు వెళ్లాక నిచ్చెన ఎక్కి మల్లెపూలు చెరిపేసి, మరియమ్మ తలకు చెవులు మూసుకునేలా తెల్లగుడ్డ కట్టాను. గుడ్డ ముడి ఎక్కడ రావాలో అక్క కిందనుంచి చెప్పింది. గడ్డం కింద కాదు, వెనకాల, పడుకుంటే ఒత్తుకోకుండా కొంచెం పక్కకు. అమ్మమ్మ కట్టేది అలాగేనట. ఆ తలగుడ్డతో మరియమ్మ అందం తగ్గింది, మా అమ్మమ్మ ఇంటి మనిషి అయింది. తల్లీబిడ్డలు చలికి వణకకుండా ఉన్నారని నాకు మొదటిసారి అనిపించింది.

ఊరు లేని నాకు అక్క ఊరిచ్చింది. తను చెప్పినవి గీసుకుంటూ, తను పెట్టిన వంకలు దిద్దుకుంటూ బతుకంతా గడిపాను, జీతం కూడా ఆ చేతిపనితోనే వచ్చింది. దానికి బదులుగా నేను తనకేమిచ్చానని ఎవరైనా అడిగితే, తప్పులిచ్చానని చెబుతాను. వాటిలో ఒకటి, ఎర్ర తురాయి ఉన్నది, తనకు అక్కరకొచ్చింది. అందుకు దేవుడికి స్తోత్రం చెబుతాను, పుంజుకు కూడా చెబుతాను.

నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంటున్నాను. బావ భోజనానికి పిలవడానికి వచ్చాడు. చల్లారిపోతోంది, ఇక పదండి అన్నాడు. నేను అక్క చెయ్యి పట్టుకోబోయాను. అక్క విడిపించుకుని, బొమ్మ కుడివైపుకు, కుమ్మరి ఆవం ఉన్న వైపుకు తిరిగింది.

"మీరు పదండి. నాకు కుర్చీ ఇలా వెయ్యవే" అంది. "ఇంకా సగం ఊరు చూడలేదు."